రంగు కార్డులో కాదు, గోడ మీద చూడండి

శ్రోతలకు నమస్కారం.

మా ఇంటికి రంగులు వేయించేటప్పుడు షేడ్ కార్డులో గుమ్మడిపండు రంగు చూసి ముచ్చటపడ్డాను. పడమటి గదికి నాలుగు గోడలకూ అదే వేయించాను. సాయంత్రం నాలుగింటికి కిటికీలోంచి ఎండ పడేసరికి గదంతా కుంపటిలా ఉంది. మా అమ్మ గుమ్మంలోనే ఆగి, "ఇందులో పడుకుంటే జ్వరం వచ్చినట్టుంటుందిరా" అంది.

కార్డు మీద ముక్క వేలెడంత. గదిలోనేమో ఒక గోడ రంగు ఎదుటి గోడ మీద పడుతుంది, దానిది దీని మీద. అందుకే అనుకున్నదానికంటే ముదురుగా కనిపిస్తుంది.

నీలం ప్రశాంతం, ఎరుపు ఆకలి, పసుపు ఉత్సాహం అని పట్టికలు చెబుతుంటారు. నాకు వాటి మీద అంత గురి లేదు. 1979లో అమెరికాలోని సియాటిల్ నగరంలో, నౌకాదళ జైలు గది ఒకదానికి పీచుమిఠాయి రంగు వేశారు. దాంతో ఖైదీల కోపం తగ్గుతోందని అలెగ్జాండర్ షాస్ అనే పరిశోధకుడు ప్రకటించాడు. అక్కడి ఇద్దరు అధికారుల పేర్లతో దాన్ని బేకర్-మిల్లర్ పింక్ అన్నారు. తర్వాత ఇంకా జాగ్రత్తగా పరీక్షిస్తే ఆ మహిమ కనబడలేదు.

అలాగని రంగు ఏమీ చేయదనను. లేత ఆకుపచ్చ గోడ చూస్తే ఒకరికి వరిమడి గుర్తొచ్చి హాయిగా ఉంటుంది, ఇంకొకరికి చిన్నప్పటి ఆసుపత్రి, ఇంజెక్షన్ గుర్తొస్తాయి. ఏ పట్టికా ఈ సంగతి చెప్పలేదు. ఆ గదిలో ఉండబోయేవాళ్లనే అడగాలి.

వెలుతురు సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. వెల్ల వేసే సున్నంలో కాస్త నీలిమందు కలిపేవారు. సున్నంలోని పసుపు ఛాయ విరిగి, గోడ మల్లెపువ్వులా కనబడేది.

ఇప్పుడైతే తెల్ల చార్ట్ కాగితం మీద మీకు నచ్చిన రంగు రెండు కోటింగులు వేసి, గోడగోడకూ మార్చి చూడండి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, రాత్రి లైటు వేశాక కూడా. బల్బు డబ్బా మీద వెలుగు ఛాయ ఎలాంటిదో చెప్పే కెల్విన్ అంకె ఉంటుంది. 6500 ఉంటే తెల్లటి వెలుగు, గంధం రంగు పాలిపోతుంది. 3000 దగ్గరుంటే అదే రంగు వెచ్చబడుతుంది.

మా పడమటి గదిలో మూడు గోడలకు గంధం రంగు వేయించాం. కిటికీ ఉన్న గోడ మీద నేరుగా ఎండ పడదు కాబట్టి దానికి గుమ్మడిపండు రంగు అలాగే ఉంచాం. అమ్మ ఇప్పుడు మధ్యాహ్నం ఆ గదిలోనే కునుకు తీస్తోంది.

సెలవు.