బండిల్‌కు తాడెక్కడ?

అందరికీ నమస్కారం.

ఈరోజు ఒకే ఒక్క ఇంగ్లిష్ మాటను తెలుగులోకి తేవడం గురించి మాట్లాడతాను. బండిల్. నోట్ల బండిల్, పేపర్ల బండిల్ అని మనమూ రోజూ అంటూనే ఉంటాం. పరాయి మాటలా అనిపించదు. నిజానికి మరీ పరాయిదేం కాదు. ఇంగ్లిష్‌లో కట్టడాన్ని బైండ్ అంటారు, బండిల్ ఆ ఇంటి పిల్లే. సంస్కృతం నుంచి మనకొచ్చిన బంధం, బంధువు కూడా అదే ప్రాచీన ధాతువు నుంచి పుట్టినవి. అంటే బండిల్‌కీ బంధువుకీ దూరపు చుట్టరికం ఉంది.

అనువాదం చేసేవాళ్లు నిఘంటువు తీస్తే కట్ట, మూట, మోపు కనిపిస్తాయి. పుల్లలైతే కట్ట, గడ్డి అయితే మోపు, బట్టలైతే మూట. లోపల ఏముందో, దాన్నెలా పట్టి ఉంచారో చూసి తెలుగు పేరు పెడుతుంది. ఇంగ్లిష్ ఈ మూడింటికీ ఒక్క మాటే వాడేస్తుంది. చలికి ఒళ్లంతా కప్పుకుంటే బండిల్ అప్. మనిషిని కారులోకి తోసి తీసుకుపోయినా బండిలే. బండిల్ ఆఫ్ నర్వ్స్ అంటే నరాల కట్ట కాదు, టెన్షన్‌తో వణికిపోతున్న మనిషి. ఇవన్నీ సందర్భాన్నిబట్టి తెలిసిపోతాయి.

ఆగి చూడాల్సింది గుండె దగ్గర. గుండె పై గదులకూ కింది గదులకూ మధ్య, గుండెను కొట్టించే విద్యుత్ సంకేతాన్ని దాటనివ్వని గట్టి కణజాలం ఉంటుంది. దాన్ని దాటడానికి మామూలుగా ఒక్కటే దారి, సన్నని కండర పోగుల బండిల్. 1893లో విల్‌హెల్మ్ హిస్ అనే వైద్యుడు దాన్ని వర్ణించాడు కాబట్టి హిస్ బండిల్ అంటారు. అది కిందికి దిగి కుడి, ఎడమ పాయలుగా చీలుతుంది. ఒక పాయలో సంకేతం సరిగా సాగకపోతే ఈసీజీ రిపోర్టులో బండిల్ బ్రాంచ్ బ్లాక్ అని రాస్తారు. మాటకు మాట పెట్టి 'కట్ట కొమ్మ అడ్డు' అంటే ఆ కాగితం చేతిలో పట్టుకున్న మనిషి ఏమైపోవాలి? రక్తనాళం మూసుకుపోయిందని హడలిపోతాడు. ఆటంకం ఉన్నది రక్తం దారిలో కాదు, సంకేతం దారిలో. ఆ సంగతి విడమరిచి రాయండి. వాక్యం పొడవైతే అవనివ్వండి.

వ్యాపారంలో బండిల్ తీరు వేరు. ఒకప్పుడు ఐబీఎం కంప్యూటర్ తీసుకుంటే సాఫ్ట్‌వేర్, సేవలు ఆ ధరలోనే కలిసి వచ్చేవి. 1969 జూన్ 23న వాటిని విడదీస్తామని ఆ కంపెనీ ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ విడిగా అమ్ముడయ్యే సరుకు కావడానికి అదో పెద్ద మలుపు. ఇక్కడ ముడి వేసేది అమ్మేవాడు. విప్పుకునే వీలు కొనేవాడికి ఉందా లేదా అన్నదే చూడాలి. అందుకే దీన్ని నేను 'కలిపి అమ్మడం' అనే రాస్తాను.

నన్ను చాలాకాలం వేధించిన బండిల్ మాత్రం డేవిడ్ హ్యూమ్‌ది. 'నేను' అనేది విడిగా ఎక్కడా లేదని, వేడి, చలి, ఇష్టం, బాధ లాంటి అనుభవాల బండిలే మనిషని 1739లో ఆ స్కాట్లాండ్ తత్వవేత్త రాశాడు. మనిషంటే ఐదు అంశాల కూడికే అని బౌద్ధులు చెప్పే పంచ స్కంధాలు గుర్తొస్తాయి. మరుసటి ఏడాది ఆ పుస్తకానికి చేర్చిన అనుబంధంలో, ఆ అనుభవాలను కలిపి ఉంచేదేమిటో తనకు అంతుపట్టలేదని ఆయనే ఒప్పుకున్నాడు. అలాంటప్పుడు కట్ట అని ఎలా రాయను? కట్ట అనగానే కట్టిన తాడొకటి ఉండాలి. ఎన్నో మాటలు రాసి కొట్టేశాక 'పోగు' దగ్గర ఆగాను. కుప్పనూ పోగనే అంటాం, నూలు దారాన్నీ పోగనే అంటాం.