రేవులో నీళ్ళు, పైన చంద్రుడు

అందరికీ నమస్కారం. ఆకాశం గురించి మాట్లాడమని పిలిచారు గానీ నేను మన రేవు దగ్గర మొదలుపెడతాను. సఖినేటిపల్లిలో గోదావరి దాటడానికి పంటు ఎక్కేటప్పుడు చూసే ఉంటారు, పొద్దున నీళ్ళు నిండుగా ఉంటే మధ్యాహ్నానికి తగ్గిపోయి, బురద బయటపడి, దాంట్లో చిన్న చిన్న పీతలు పరిగెడుతుంటాయి. ఇవాళ ఆరింటికి పోటు వస్తే రేపు ఇంచుమించు ఆరూ యాభైకి వస్తుంది. చంద్రుడూ అంతే, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యం.

మన వేటకెళ్ళేవాళ్ళకి తిథి చెబితే చాలు, పోటు ఎంతో చెప్పేస్తారు. అమావాస్యకీ పౌర్ణమికీ ఎక్కువ, అష్టమికి తక్కువ. తరాల తరబడి కళ్ళారా చూసి పట్టుకున్న లెక్క అది, నాకు దానిమీద ఎంతో గౌరవం. ఎందుకలా అన్నదానికి 1687లో న్యూటన్ జవాబిచ్చాడు: చంద్రుడూ సూర్యుడూ ఇద్దరూ సముద్రాన్ని లాగుతారు, అమావాస్యకీ పౌర్ణమికీ ఒకే వరసలో ఉండి లాగుతారు.

మొన్న ఒక పాప అడిగింది, "చంద్రుడు నడినెత్తికి రోజుకి ఒక్కసారే కదండీ వచ్చేది, మరి పోటు రెండుసార్లెందుకు?" అని. ఎంత మంచి ప్రశ్నో! తన వైపున్న నీటిని చంద్రుడు భూమిని లాగేదాని కంటే కాస్త గట్టిగా లాగుతాడు, అవతలి వైపు నీటిని భూమిని లాగేదాని కంటే కాస్త తక్కువగా లాగుతాడు, అందుకని అటూ ఇటూ రెండు పక్కలా నీళ్ళు ఉబ్బుతాయి. మరి చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడే పోటు రావాలిగా? రేవులో గడియారం పెట్టుకుని చూడండి, అలా రాదు. సముద్రం లోతు, ఒడ్డు వంపు, నదీముఖం, ఇవన్నీ అడ్డొస్తాయి. లాప్లాస్ అనే ఫ్రెంచి గణితవేత్త లాంటివాళ్ళు కూర్చుని మళ్ళీ లెక్క కట్టాల్సి వచ్చింది.

పోటునంటే రేవులో నిలబడి చూడొచ్చు. సూర్యుడి దగ్గరకైతే వెళ్ళలేం, అక్కడేముందో తెలియాలంటే వెలుగే దిక్కు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ గ్రహణం పట్టినప్పుడు జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరులోనే పరికరం పెట్టుకుని సూర్యుడి వెలుగును రంగులుగా విడదీసి చూశాడు. ఆ ఏడాది సూర్యుడి వెలుగులో దొరికిన ఒక పసుపు గీత అప్పటికి తెలిసిన ఏ పదార్థానిదీ కాదని తేలింది. ఆ కొత్త పదార్థమే హీలియం అనే వాయువు. భూమ్మీద అది దొరికింది 1895లో!

మీకు టెలిస్కోపు అక్కర్లేదు. ఒక వెదురు గెడకి జానెడుకో గీత పెట్టి రేవులో పాతించండి. నెల్లాళ్ళు నోటు పుస్తకంలో టైము, నీళ్ళు ఎన్నో గీత దాకా వచ్చాయి, తిథి, ఈ మూడూ రాయండి. మబ్బు పట్టి చంద్రుడు కనపడకపోయినా రాయండి, అంకె మీరనుకున్నట్టు రాకపోతే కొట్టేయకండి. పెద్దవాళ్ళు తోడు లేకుండా మాత్రం నీళ్ళలోకి దిగొద్దు.