ఆ గడిలో అన్నీ ఇరవైలే

అందరికీ నమస్కారం. మే 12, ఆధునిక నర్సింగ్‌కి దారి వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు, మన నర్సుల దినోత్సవం. దీపాలూ ప్రతిజ్ఞా అయిపోయాయి కనక వాటి జోలికి పోను. నాకిచ్చిన అంశం నర్సింగ్ విద్య, నాయకత్వం. బెంగళూరులో ఉన్న మన తెలుగు పిల్లలకి ఉద్యోగాల దారి చెప్పమన్నారు.

చెబుతాను. జి.ఎన్.ఎం. అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్ళు, బి.ఎస్సీ. నర్సింగ్ నాలుగు, ఆపైన ఎమ్మెస్సీ రెండు. ఆసుపత్రి వైపు వెళ్తే స్టాఫ్ నర్సు, వార్డు ఇన్‌ఛార్జి, సూపరింటెండెంటు. కాలేజీ వైపు వెళ్తే ట్యూటరు, ప్రొఫెసరు, ప్రిన్సిపాలు. ఈ రెండు దారులూ విడిపోయిన చోటే మన జబ్బు మొదలైంది. పాఠం చెప్పేవాళ్ళు వార్డు గడప తొక్కరు, వార్డు నడిపేవాళ్ళకి చెప్పే తీరిక లేదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో (సి.ఎం.సి.) బోధనా, వార్డు బాధ్యతా ఒకరి చేతిలోనే పెట్టారు. అలా చేసినవాళ్ళు తక్కువ.

రుజువు కావాలంటే ఏ వార్డులోనైనా టి.పి.ఆర్. చార్టు, అంటే జ్వరం, నాడి, శ్వాస రాసే కాగితం, తెరవండి. జ్వరం మారుతుంది, నాడి మారుతుంది. శ్వాస గడిలో మాత్రం 20, 20, 20. న్యుమోనియా మనిషికీ 20, హెర్నియా ఆపరేషనైన మనిషికీ 20! లెక్కపెట్టకుండా రాసింది అది. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఏమనుకోకండి.

పెద్దవాళ్ళకి నిమిషానికి 12 నుంచి 20 మామూలు. రోగి దిగజారుతున్నాడని ముందే పట్టిచ్చే పాయింట్ల లెక్క ఒకటుంది, న్యూస్ స్కోరు అంటారు. శ్వాస 25కి చేరితే అందులో ఆ ఒక్కదానికే మూడు పాయింట్లు. ఆక్సిజన్ పెట్టిన మనిషికి వేలి మిషను రక్తంలో ఆక్సిజన్ 96 శాతమని చూపిస్తూనే ఉంటుంది, లోపల మనిషి అలసిపోతుంటాడు. మార్ఫిన్ ఇచ్చాక శ్వాస 8కి దిగిందంటే తర్వాతి డోసు ఆపి డాక్టరుని పిలవాలి. ఇవేవీ 20 అని రాసిన కాగితం చెప్పదు.

పిల్లలూ, పద్ధతి ఇది. నడిచొచ్చిన రోగిని ముందు ఐదు నిమిషాలు కూర్చోనివ్వండి. చెయ్యి ఛాతీ మీదికి మడిచి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టండి. చెయ్యి వదలకండి, నాడే చూస్తున్నారనుకోనివ్వండి. ఛాతీ లేచి పడితే ఒకటి. పూర్తిగా అరవై సెకన్లు. 'మీ ఊపిరి చూస్తున్నా' అన్నారా, లెక్క పోయింది. కావాలంటే ఇప్పుడు ఎవరి ఊపిరి వాళ్ళు గమనించండి... చూశారా, అప్పుడే మారింది!

అన్నట్టు, కన్నడంలో ఊపిరిని 'ఉసిరు' అంటారు. మన 'ఉసురు' పక్కనే ఉంది, నేర్చుకోడానికి కష్టమేముంది? కోలారు నుంచొచ్చే రోగులైతే చాలామంది మీతో తెలుగే మాట్లాడతారు.

పిల్లలు ఎందుకు లెక్కపెట్టరు? బద్ధకం అనకండి. ముప్పై మంచాలకి శ్వాస ఒక్కటే అరగంట. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క విద్యార్థికి ముగ్గురు రోగులు. ముప్పై మంచాలకి ఇద్దరిని పంపి నిజం రాయమంటే ఎలా? ఫోను లోపలికి రానివ్వరు, చేతి గడియారం తీసెయ్యమంటారు. అదీ న్యాయమే, మణికట్టు కడగాలి కదా. మరి సెకన్ల ముల్లున్న గుండీ వాచీ యూనిఫాంకి తగిలించారా? ప్రిన్సిపాళ్ళు ఇక్కడే ఉన్నారు, మిమ్మల్నే అడుగుతున్నాను.

ఇక నాయకత్వం. సూపరింటెండెంటు గారూ, దానికి వర్క్‌షాపు అక్కర్లేదు, పది నిమిషాలు చాలు. అరనిమిషం చూసి రెట్టింపు చేస్తే అన్నీ సరిసంఖ్యలే వస్తాయి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చిస్తే 16, 20, 24. శ్వాస ఆగి ఆగి వచ్చే రోగి దగ్గర ఆ అరనిమిషం పూర్తిగా మోసం చేస్తుంది. నిజంగా నిమిషమంతా లెక్కపెట్టిన వార్డులో 17, 19, 23 కూడా కనిపించాలి.

రేపు మధ్యాహ్నం డ్యూటీ మారేవేళ ఎవరికీ చెప్పకుండా పది చార్టులు తిరగెయ్యండి. బేసిసంఖ్యలు ఎన్నున్నాయో చూసి, ట్యూటర్నీ ఇన్‌ఛార్జి సిస్టర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి.