‘మూరురాయర గండ’ అంటే ముగ్గురు రాజులకు మొగుడా?

(తిరుపతి స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

వ్యాఖ్యాత: నమస్కారం. తిరుమల శాసనాల్లో శ్రీకృష్ణదేవరాయల పేరు కంటే ముందు పెద్ద బిరుదుల వరస వస్తుంది. దాంట్లో ‘మూరురాయర గండ’ అనే మాట గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. అయ్యవారూ, మీరే మొదలుపెట్టండి.

తెలుగు అయ్యవారు: ఒకసారి పిల్లల్ని చంద్రగిరి కోటకు తీసుకెళ్లి ఈ బిరుదు చెప్పాను. వాళ్లలో కన్నడం వచ్చిన పిల్లాడొకడు ఉన్నాడు. ‘గండ అంటే మొగుడు కదా సార్, ముగ్గురు రాజులకు మొగుడా?’ అన్నాడు. తక్కిన పిల్లలంతా నవ్వారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. ఆ పిల్లాడు సరిగ్గా చెప్పాడు.

వ్యాఖ్యాత: అదెలాగ?

తెలుగు అయ్యవారు: ‘వాడు దొంగలకే మొగుడు’ అని మనం అనమా? అంటే వాళ్లను మించినవాడు, వాళ్ల ఆట కట్టించేవాడు అని. మగడు అంటే మన పాత తెలుగులో భర్త మాత్రమే కాదు, శూరుడు కూడా. సంస్కృతంలో ‘పతి’ని చూడండి. మొగుడూ పతే, ఏలికా పతే. రాజును భూపతి అన్నది అందుకే.

కన్నడ అధ్యాపకుడు: మా కన్నడంలోనూ అంతే సార్. గండ అంటే భర్త, వీరుడు. మూరు అంటే మూడు, రాయర అంటే ‘రాయల యొక్క’. ముగ్గురు రాయలనూ అణచిన మగవాడు అని అర్థం.

తెలుగు అయ్యవారు: ఆ మాట మన ఇళ్లలోనూ ఉంది. గండుచీమ, గండుపిల్లి, గండుతుమ్మెద... వీరుడి కాలికి తొడిగే అందె గండపెండేరం. పెద్దన కాలికి రాయలు స్వయంగా తొడిగాడని చెప్పుకునేది దాన్నే. ఒక్క మాట, ‘గండం గడిచింది’ అనే గండం వేరు. దాన్ని దీంతో కలపకండి.

శాసన పరిశోధకురాలు: నేనొకటి చెప్పాలి. రాజు మగడు, భూమి భార్య అనే ఊహ ఈ మాటల వెనక ఉంది. ఆడవాళ్లను ఆ కాలం ఎలా చూసిందో కూడా అక్కడే తెలుస్తుంది. బిరుదును మెచ్చుకుంటూ దాన్ని మరిచిపోకూడదని నా అభిప్రాయం.

వ్యాఖ్యాత: నిజమే మేడమ్. మరి ఆ ముగ్గురు రాయలు ఎవరు?

శాసన పరిశోధకురాలు: ఇక్కడ రెండు వాదాలున్నాయి. చేర, చోళ, పాండ్యులని కొందరంటారు. ఒడిశాను ఏలిన గజపతి, అశ్వపతి అని పిలిచిన సుల్తాను, నరపతి అని ఇంకొందరంటారు. నేను మొదటి వాదం వైపే. విజయనగర రాజులే నరపతులు కదా, తమకు తామే గండలు ఎలా అవుతారు? పైగా ఈ బిరుదు రాయల కాలంలో పుట్టింది కాదు. 14వ శతాబ్దంలో, విజయనగరాన్ని మొదట ఏలిన సంగమ వంశం నాటికే వాడుకలో ఉంది. అప్పుడు వాళ్ల చూపు దక్షిణం మీదే ఎక్కువ. తమిళనాట మూవేందర్, అంటే ముగ్గురు రాజులు, అంటే ఈనాటికీ ఆ చేర, చోళ, పాండ్యులే.

తెలుగు అయ్యవారు: నేను ఒప్పుకోనమ్మా. 1514లో ఉదయగిరి గెలిచి, గజపతిని తరిమి, రాయలు తిరుమలకు వచ్చి స్వామికి బంగారు నాణాలతో కనకాభిషేకం చేయించాడు. ఆ రోజు ఆ బిరుదు విన్నవాళ్ల మనసులో చేరరాజు మెదిలి ఉంటాడా, గజపతి మెదిలి ఉంటాడా? బిరుదు పాతదే కావచ్చు, కానీ ఏ కాలం వాళ్లు ఆ కాలం అర్థమే చెప్పుకుంటారు.

వ్యాఖ్యాత: శ్రీకాళహస్తి నుంచి ఫోన్‌లో ఒకరు లైన్‌లో ఉన్నారు. చెప్పండి సార్.

ఫోన్‌లో ప్రేక్షకుడు: విజయనగర రాజులకు ‘హిందూరాయ సురత్రాణ’ అని బిరుదు ఉందంటారు. సురత్రాణ అంటే సుల్తానే అని ఎక్కడో చదివాను. మన రాజులకు ఆ పేరు ఎందుకండీ? మనసుకు కష్టంగా ఉంది.

శాసన పరిశోధకురాలు: కష్టపడకండి సార్. సుల్తాన్ అనే మాటనే సంస్కృతం పలుకుబడిలోకి మార్చారు. సుర, త్రాణ అని విడదీస్తే దేవతలను కాపాడేవాడు అనే అర్థం కూడా వచ్చింది. ఎంత నేర్పు చూడండి! సంగమ వంశపు తొలి రాజుల్లో ఒకడైన బుక్కరాయల నాటికే ఈ బిరుదు శాసనాల్లో ఉంది. హిందూ రాజులలో సుల్తాన్ వంటివాడు అని భావం. ఆ కాలంలో సుల్తాన్ అంటే పెద్ద ఏలిక. పక్కనున్న సుల్తాన్ల రాజ్యంతో యుద్ధం చేస్తూనే అక్కడి గొప్ప మాటను తమదిగా చేసుకున్నారు.

వ్యాఖ్యాత: మన చంద్రగిరి సాళువ నరసింహుడి ఇంటిపేరు కూడా బిరుదేనా?

తెలుగు అయ్యవారు: అవును. సాళువం అంటే వేట డేగ. 1485లో విజయనగర సింహాసనం ఎక్కింది ఆ ఇంటివాడే. కానీ నాకు అన్నిటికంటే ఇష్టమైన బిరుదు వేరే ఉంది. ‘భాషెగె తప్పువ రాయర గండ’. భాష అంటే మన బాసే, చేతిలో చెయ్యేసి చేసే బాస. బాస తప్పే రాజులకు గండడు అని దాని అర్థం.

వ్యాఖ్యాత: ఇన్ని బిరుదుల రాయలను చూడాలంటే?

తెలుగు అయ్యవారు: కొండ మీద మహాద్వారం దాటగానే కృష్ణరాయ మండపంలో ఉన్నాడు, తిరుమలదేవి, చిన్నాదేవితో. ముగ్గురూ చేతులు జోడించే ఉంటారు. క్యూలో వెనక నుంచి తోస్తుంటారు, అయినా ఒక్క క్షణం అటు తిరిగి చూడండి.