చింతపండుతో తోమితే సైకిల్ ఫ్రేమ్ ఎందుకు మెరవదు?

నమస్కారం. ఈ ఫ్రేమ్ చూడండి. అల్యూమినియం. విశాఖలో సముద్రానికి దగ్గరగా, బాల్కనీలో ఆరేళ్లు ఉంది. మెరుపు పోయింది, బోల్టుల చుట్టూ తెల్లగా పొడి లేచింది. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: "అల్యూమినియం తుప్పు పట్టదుగా, అది మురికే. చింతపండు పెట్టి తోమెయ్." ఈ సలహా వింటే నాకు బాధేస్తుంది. ఇలా తోమి మంచి ఫ్రేములు పాడుచేసుకున్నవాళ్లను చూశాను.

సలహా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసు. వంటింట్లోంచి. అల్యూమినియం గిన్నెలో నీళ్లు కాచీ కాచీ లోపల నల్లబడుతుంది, చింతపండు వేసి మరిగిస్తే తెల్లబడుతుంది. నిజమే. అల్యూమినియానికి గాలి తగిలితే చాలు, పైన ఆక్సైడ్ పొర కడుతుంది. మందం కొన్ని నానోమీటర్లే. ఇనుప తుప్పులా పెచ్చులుగా రాలిపోదు, లోహాన్ని అంటిపెట్టుకుని కాపాడుతుంది. ఆ నలుపునూ ఈ పొరనూ పులుపు కరిగిస్తుంది.

ఇప్పుడు అదే గిన్నెను వెలుతురులో పెట్టి చూడండి. తెల్లగా ఉంది. అందులో మీ ముఖం కనబడుతోందా? కనబడదు. పీచుతో రుద్దిన గీతలు వేలల్లో ఉంటాయి, వెలుతురు ఒక్కో గీతకు తగిలి ఒక్కో దిక్కుకు చెదిరిపోతుంది. గిన్నె శుభ్రమైంది కానీ పాలిష్ కాలేదు. పాలిష్ అంటే మురికి వదిలించడం కాదు, గీతల్ని కంటికి ఆననంత చిన్నవి చేయడం.

పైగా గిన్నె మీద ఉప్పుగాలి ఆరేళ్లు ఆడలేదు. ఉప్పు ఆ రక్షణ పొరను అక్కడక్కడా ఛేదించి లోహంలో గుంటలు చేస్తుంది. స్టీలు బోల్టు పక్కన ఇంకా ఎక్కువ: రెండు లోహాలు, మధ్యలో ఉప్పునీళ్లు, అదొక చిన్న బ్యాటరీ. అందులో తినుకుపోయేది అల్యూమినియమే. చింతపండు ఆ తెల్లపొడిని కడిగేస్తుంది, గుంట అలాగే ఉంటుంది.

ఇంకో తేడా. గిన్నెకు సాధారణంగా పూత ఉండదు, ఫ్రేముకు ఉంటుంది. మెటల్ పాలిష్ కొంచెం గుడ్డకు రాసి ఒకచోట రుద్దండి. గుడ్డ నల్లబడితే అది ఒట్టి లోహం. నల్లబడకపోతే పైన లక్కర్, అంటే పెయింట్ లాంటి పారదర్శక పూత, అయినా ఉంది, ఎనొడైజింగ్ అయినా ఉంది. ఎనొడైజింగ్ అంటే కరెంటుతో పెంచిన అదే ఆక్సైడ్ పొర, వేల రెట్లు మందం. చెక్కపనిలో వాడే చాలా సాండ్‌పేపర్ల మీద ఉండే గరుకు కూడా అల్యూమినియం ఆక్సైడే! అంత గట్టి పొరతో చేత్తో పోట్లాడకండి. ఎనొడైజింగ్ చేసేవాళ్లకే ఇచ్చి తీయించండి.

లక్కర్ అయితే పెయింట్ రిమూవర్ చాలు. చేతికి గ్లోవ్స్, ఆరుబయట పని. వేడిగాలితో పెయింట్ లేపే హీట్ గన్ మాత్రం వద్దు. 1980ల్లో ఐర్లండ్ సైకిల్ రేసర్ షాన్ కెల్లీ తొక్కిన ఫ్రెంచ్ విటస్ 979 లాంటి ఫ్రేముల్లో గొట్టాలను వెల్డింగ్ చేయలేదు, జిగురుతో అతికించారు. వేడి తగిలితే ఆ అతుకు బలం పోతుంది. అంత అందమైన ఫ్రేముకు ఆ గతి పట్టకూడదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. ముందు వెల్డింగుల దగ్గర పగుళ్లు వెతకండి. పగులు ఉంటే పాలిష్ అనవసరం, ఆ ఫ్రేమ్ తొక్కొద్దు. లేకపోతే వాటర్ పేపర్, అంటే నీళ్లతో రుద్దే సాండ్‌పేపర్, 400, 600, 1000, 1500, 2000, తడిగానే. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ప్రతిసారీ దిక్కు మార్చి రుద్దండి, పాత గీతలు పూర్తిగా పోయాకే తర్వాతి నంబరుకు వెళ్లండి. లోతు గుంటల్ని వదిలేయండి, వాటికోసం గొట్టం పల్చన చేయొద్దు. స్టీలు పీచు వద్దు, ఇనుప రేణువులు లోహంలో ఇరుక్కుంటాయి. కాస్టిక్ సోడా అసలు వద్దు, లోహాన్నే తినేస్తుంది.

చివర మెటల్ పాలిష్, మెత్తటి గుడ్డ. ఇదిగో, ఈ గొట్టం అలా చేసిందే. నా ముఖం కనబడుతోంది చూడండి. తర్వాత సబ్బునీళ్లతో కడిగి, ఆరబెట్టి, వ్యాక్స్ రాయండి. సముద్రం దగ్గర ఉన్నవాళ్లు నెల నెలా రాయండి. సీటును మోసే గొట్టాన్ని (సీట్‌పోస్ట్) ఫ్రేములోకి దించి బిగించేముందు దానికి గ్రీజు మర్చిపోకండి, లేకపోతే లోపలే పట్టేసి మళ్లీ బయటికి రాదు.