ద్రవ స్ఫటికంలో నలుసు పడితే

[తెరపై: బల్ల మీద చిన్న గాజు సీసా. లోపల మబ్బు పట్టినట్టున్న ద్రవం. పక్కన థర్మామీటరు.]

ఈ సీసాలో ఉన్నది 5సీబీ. 1970ల మొదట్లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం తయారు చేసిన ద్రవ స్ఫటికం. దీన్ని గోరువెచ్చని నీళ్లలో దించుతున్నాను. 33... 34... ఇదిగో, 35 డిగ్రీల దగ్గర మబ్బు విడిపోయింది. అవతల పెట్టిన అక్షరాలు కనిపిస్తున్నాయి.

కరిగిందనుకోకండి. ఇందాకా ద్రవమే, ఇప్పుడూ ద్రవమే. మారింది లోపలి అణువుల తీరు.

[యానిమేషన్: సన్నని పుల్లల్లాంటి అణువులు ఈదుతూ, దాదాపు ఒకే వైపు చూస్తూ.]

5సీబీ అణువు సుమారు 2 నానోమీటర్ల పొడవున్న పుల్ల. నానోమీటరంటే మీటరులో వందకోట్లో వంతు. ఎవరి చోటు వారికంటూ లేదు, అన్నీ తిరుగుతూనే ఉంటాయి. చూపు మాత్రం ఒకే దిక్కు. దీన్ని నెమాటిక్ దశ అంటారు. ఆ దిక్కు అక్కడక్కడా ఊగిసలాడడం వల్లే వెలుతురు చెదిరి మబ్బు కనిపించింది. వేడి పెరిగితే ఉమ్మడి దిక్కే పోతుంది. ఈ క్రమశిక్షణను సున్నా నుంచి 1 వరకు కొలుస్తారు. 1 అంటే అన్నీ నిక్కచ్చిగా ఒకే దిశలో, సున్నా అంటే ఎవరి దారి వారిది. తేటపడే ఉష్ణోగ్రత దగ్గర ఈ విలువ మెల్లగా అరిగిపోదు, 0.3 పైన ఉన్నది ఒక్కసారిగా కుప్పకూలుతుంది. అందుకే మబ్బు అంత చటుక్కున విడిపోయింది.

ఇందులో నానో కణాలు, అంటే నానోమీటర్లలో కొలిచే నలుసులు, కలిపితే?

నలుసు పడితే వరస చెడుతుందని ఎవరైనా అంటారు. చాలాసార్లు అదే నిజం. గుండ్రటి సిలికా కణం ఏ దిక్కుకూ మొగ్గదు, పైగా చోటు ఆక్రమిస్తుంది. పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి సరిదిద్దుకునే అణువుల మధ్య అడ్డుగోడ అవుతుంది. తేటపడే ఉష్ణోగ్రత కాస్త దిగుతుంది.

అయితే కణం ఎంత పెద్దదన్నది ముఖ్యం. ప్రతి కణం ఉపరితలానికీ ఒక పట్టు ఉంటుంది: తనను తాకిన అణువులు నిటారుగా నిలబడాలనో, ఆనుకుని పడుకోవాలనో లాగుతుంది. ద్రవ స్ఫటికానికి వంగడం ఇష్టముండదు, స్ప్రింగులా ఎదురు తిరుగుతుంది. ఈ స్థితిస్థాపకతను ఉపరితలపు పట్టుతో భాగిస్తే ఒక దూరం వస్తుంది. మామూలుగా అది వందల నానోమీటర్ల నుంచి కొన్ని మైక్రాన్ల దాకా ఉంటుంది.

[యానిమేషన్: దువ్విన జుట్టులాంటి గీతల మధ్య పెద్ద పూస, ఆపైన అతి చిన్న పూస.]

కణం ఆ దూరం కన్నా బాగా పెద్దదైతే, అణువుల దిక్కును చూపే గీతలన్నీ దాని చుట్టూ వంగి, ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. కొన్నిసార్లు కణం నడుముకు శనిగ్రహపు వలయంలా లోపం ఏర్పడుతుంది. 10 నానోమీటర్ల కణమైతే, అంటే అయిదు అణువులను కొసకు కొస పేర్చినంత, దాన్ని దాటుకుంటూ గీతలు దాదాపు తిన్నగా సాగిపోతాయి. అంత చిన్నవాటి ప్రభావాన్ని వంపుల్లో వెతకడం దండగ.

ఇప్పుడు నాకు నచ్చిన భాగం. ఆ చిన్న కణం బేరియం టైటనేట్ అయితే? అది ఫెర్రోఎలక్ట్రిక్, అంటే విద్యుత్ ధ్రువాలు దానికి పుట్టుకతోనే ఉంటాయి. దాని చుట్టూ పుట్టే విద్యుత్ క్షేత్రం పక్క అణువులను బిగించి పట్టుకుంటుంది. ఇలాంటి కణాలను ఒక శాతం లోపే కలిపినా తేటపడే ఉష్ణోగ్రత పెరిగిందని ఎన్నో ప్రయోగాల్లో చూశారు. నలుసే క్రమాన్ని పెంచిందన్నమాట!

అన్ని ప్రయోగశాలల్లోనూ అంకెలు కలవలేదు. పెరిగిందన్నవారున్నారు, తగ్గిందన్నవారూ ఉన్నారు. నా లెక్కలో మొదట అనుమానించవలసింది కణాలు ఒకదానికొకటి అతుక్కుని గడ్డలు కట్టడాన్ని.

[తెరపై: సూక్ష్మదర్శినిలో రంగురంగుల ద్రవ స్ఫటికం, మధ్యలో నల్లటి చుక్కలు.]

ఆ నల్ల చుక్కలు ఒక్కొక్క కణాలు కావు, ఒక్క కణం ఈ సూక్ష్మదర్శినికి ఆనదు. అవి వందలు, వేల కణాల గుంపులు. ద్రవ స్ఫటికం చల్లారేటప్పుడు వరసలో పడిన భాగాలు పెరుగుతూ కణాలను ఇంకా వరసలో పడని భాగాల్లోకి నెట్టేస్తాయి. అక్కడ ఇరుక్కుని అతుక్కుంటాయి. అందుకే కణాలకు ముందే ఓలియిక్ ఆమ్లం వంటి పూత పూస్తారు. పూత పలచనైతే గడ్డకడతాయి, ఎక్కువైతే మిగులు ఆమ్లం తానే మలినమై క్రమాన్ని చెడగొడుతుంది. ఉష్ణోగ్రత మారిందంటే కణం వల్లనా, పూత వల్లనా అని అడగకుండా ఆ అంకెను నమ్మకూడదు.

ఈ గడ్డల బెడద ఎంత మొండిదో చూడండి. అయస్కాంత కణాలు కలిపితే ద్రవ స్ఫటికాన్ని చిన్న అయస్కాంతంతోనే తిప్పవచ్చని ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్తలు ఫ్రాన్స్వాజ్ బ్రోషార్, పియర్ జిల్ ద జెన్ 1970లోనే ప్రతిపాదించారు. ద్రవమే తనంతట తాను అయస్కాంతంలా ప్రవర్తించడం మాత్రం 2013లో స్లొవేనియా పరిశోధకులకు సాధ్యమైంది. వారు వాడినవి బేరియం హెక్సాఫెర్రైట్ పలకలు: సుమారు 70 నానోమీటర్ల వెడల్పు, కొద్ది నానోమీటర్ల మందం. పలక ముఖానికి అణువులు నిటారుగా నిలుస్తాయి, పలక అయస్కాంత దిశా అటే. పక్క పలకలు దగ్గరకు వచ్చి అతుక్కోకుండా మధ్యనున్న ద్రవ స్ఫటికమే కాపు కాసింది.

[తెరపై: పలకలన్నీ ఒకే వైపు తిరిగి, వాటితో పాటు అణువులూ తిరుగుతూ.]

కొన్ని మిల్లీటెస్లాల అయస్కాంత క్షేత్రం చాలు. పలకలు తిరుగుతాయి, వాటితో పాటే పుల్లలన్నీ.