బొటనవేలంత బుష్ కోసం ఇంజన్ మొత్తం ఎత్తాం

(షెడ్డులో రికార్డింగ్. రేకుల మీద వాన చప్పుడు.)

నేను: నమస్కారం. ఈ ఎపిసోడ్ ఇంట్లో కూర్చుని చేస్తున్నది కాదు. పర్లాకిమిడిలో, నా పాత కారు బాగుచేసిన మేస్త్రి బాబాయి షెడ్డులోనే ఉన్నాను. వాన చప్పుడు వినిపిస్తే ఈసారికి సర్దుకోండి. బాబాయ్, మైకు ఇక్కడుంది. కొంచెం దగ్గరికి జరగండి.

మేస్త్రి: ఏటి మాట్లాడాలి బాబూ? నాకు పుస్తకాల తెలుగు రాదు.

నేను: గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో కూర్చుని ఆ భయం ఏమిటి బాబాయ్! రోజూ కుర్రాళ్లని తిట్టే భాషలోనే చెప్పండి.

మేస్త్రి: తిట్లు తీసేస్తే సగం మాటలు పోతాయి మరి.

నేను: (నవ్వు) ముందు బండి సంగతి చెప్పేస్తాను. మా పెదనాన్న కలకత్తాలో ఉద్యోగం చేసే రోజుల్లో కొన్న ఎంజీబీ రోడ్‌స్టర్, 1966 మోడల్. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు. ఇంగ్లండ్‌లో ఆబింగ్‌డన్ అనే ఊళ్లో 1962 నుంచి 1980 దాకా ఈ బండ్లు తయారయ్యాయి. మా ఇంట్లో మాత్రం దాన్ని ఎర్ర బండి అనే అంటాం.

మేస్త్రి: మీ నాన్న ఫోన్ చేసి, ఫారిన్ బండి, చాలా జాగ్రత్త అని నన్ను తెగ భయపెట్టాడు. తీరా బానెట్ ఎత్తి చూస్తే మన అంబాసిడర్ కదా!

నేను: ఆ మాటకి నేను నొచ్చుకున్నాను. తర్వాత చదివితే ఆయన అన్నది నిజమే. రెండిటిలోనూ ఉన్నది బీఎంసీ, అంటే బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ల బి-సిరీస్ ఇంజనే. అంబాసిడర్‌లో చాలాకాలం వచ్చింది 1489 సీసీ, ఇది 1798 సీసీ.

మేస్త్రి: పానాలు కూడా అంగుళాల లెక్కే. ఇప్పటి కుర్రాళ్ల దగ్గర 10, 12, 13 మిల్లీమీటర్లవి తప్ప ఏమీ ఉండవు. వాటితో తిప్పితే నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతాయి. నా పాత పెట్టెలో 7/16, 1/2, 9/16 ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

నేను: ఇక జబ్బు. బండి ఆగి ఉన్నప్పుడు ఫస్ట్ గేర్ వేస్తే గర్రుమనేది. రివర్స్ అయితే వీధి మొత్తానికీ వినిపించేది. 1966 బండికి ఫస్ట్ గేర్లో సింక్రో, అంటే గేర్ల వేగాలు కలిపి అరవకుండా పడేలా చేసే ఏర్పాటు, లేదు, రివర్స్‌కి ఎలాగూ ఉండదు. కాబట్టి క్లచ్ పూర్తిగా విడవకపోతే ముందు అరిచేవి ఆ రెండే. మీ దగ్గరికి రాకముందు ఇంకో వర్క్‌షాపులో చూపించాను. కింద స్లేవ్ సిలిండర్ మార్చారు. తగ్గలేదు. పైన పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ మార్చారు. అప్పుడూ తగ్గలేదు. పైగా బ్రేక్ ఆయిల్ ఫెండర్ మీద ఒలికి పెయింటు పొక్కులు లేచింది.

మేస్త్రి: విప్పడానికి సులువుగా ఉన్నవి మార్చారు. అంతకు ముందు ఒక స్కేలు పెట్టి చూసి ఉంటే నీ డబ్బు మిగిలేది.

నేను: స్కేలు సంగతి వివరంగా చెప్పండి. అసలు ఎపిసోడ్ అదే.

మేస్త్రి: పెడల్ తొక్కితే ఆయిల్ కిందికొచ్చి స్లేవ్ సిలిండర్లో పుష్‌రాడ్‌ని తోస్తుంది. ఆ రాడ్డు క్లచ్ ఫోర్కు బయటి కొసని నెడుతుంది. ఒకర్ని పెడల్ దగ్గర కూర్చోబెట్టి పూర్తిగా తొక్కమని, రాడ్డు ఎంత జరిగిందో కింద పడుకుని కొలవాలి. దీనికి ఇంచుమించు అర అంగుళం రావాలి. అంతకన్నా బాగా తక్కువొస్తే తప్పు ఆయిల్లోనో, సిలిండర్లలోనో, పెడల్ దగ్గరి పిన్నులోనో ఉన్నట్టు. ఆ పిన్ను, దాని కన్నం అరిగి కోడిగుడ్డు ఆకారం అయిపోతాయి, చాలా బండ్లలో చూశాను.

నేను: నా బండికి ఎంత వచ్చింది?

మేస్త్రి: అర అంగుళం నిండుగా వచ్చింది. అయినా రివర్స్ అరుస్తోంది. అంటే బయట అంతా బాగానే ఉంది, తోసిన తోపు లోపలికి చేరడం లేదు. అప్పుడు ఫోర్కు మీది రబ్బరు తొడుగు పక్కకి తీసి, కొసని పట్టుకుని పైకీ కిందికీ ఆడించాను. టకటకమంది.

నేను: ఆ చప్పుడు నాకూ వినిపించింది.

మేస్త్రి: ఏతం చూశావా ఎప్పుడైనా?

నేను: చిన్నప్పుడు, అమ్మమ్మ వాళ్ల ఊళ్లో.

మేస్త్రి: ఏతానికి మధ్యలో ఇరుసు ఉంటుంది కదా. అది లూజైపోయిందనుకో. ఇవతల ఎంత తొక్కినా ముందు ఆ సందు పూడాలి, ఆ తర్వాతే అవతల బాన కదులుతుంది. ఈ ఫోర్కూ అంతే. మధ్యలో ఒక బోల్టు మీద ఆడుతుంది. బోల్టుకీ ఫోర్కుకీ మధ్య కంచు బుష్, అంటే చిన్న గొట్టం ముక్క, ఉంటుంది. అది అరిగితే నీ అర అంగుళంలో కొంత ఆ సందులోకే పోతుంది. లోపల క్లచ్‌ని విడదీసే రిలీజ్ బేరింగ్‌ని నెట్టడానికి మిగిలింది చాలదు. ఫోర్కు పక్కకి ఒరుగుతుంది కూడా, అందుకని బేరింగ్ తిన్నగా తగలదు.

నేను: దీంట్లో రిలీజ్ బేరింగ్ బాల్ బేరింగ్ కాదు, కార్బన్ రింగు. మొదటిసారి చూసినప్పుడు పాడైపోయిన ముక్కేమో అనుకున్నాను.

మేస్త్రి: పాత అంబాసిడర్లు చేసినవాడికి అది కొత్త కాదులే. గ్రీజు అక్కర్లేదు, చప్పుడు రాదు. కానీ పెడల్ మీద కాలు ఆనించి నడిపేవాడి చేతిలో పడితే కొవ్వొత్తిలా కరిగిపోతుంది. రైల్వే గేటు దగ్గర గేర్లో పెట్టి, క్లచ్ తొక్కుకుని పది నిమిషాలు కూర్చునేవాళ్లు ఉంటారు...

నేను: నన్ను చూస్తూ చెప్పకండి బాబాయ్.

మేస్త్రి: నిన్ను చూసే చెబుతున్నాను.

నేను: సరే, ఇంజన్ ఎత్తడం దగ్గరికి వద్దాం. ఎంజీబీలో గేర్‌బాక్స్ ఒక్కదాన్నే కిందికి దింపడం కుదరదు. ఇంజన్ అయినా పైకి తియ్యాలి, లేదా రెండూ కలిపి తియ్యాలి. మేం ఇంజన్ ఒక్కటే తీశాం. బానెట్, రేడియేటర్, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, సైలెన్సర్ గొట్టం విప్పి, గేర్‌బాక్స్ కింద జాకీ పెట్టి, చైన్ బ్లాకుతో ఎత్తాం. ఒక రోజంతా పట్టింది. ఒకటిన్నర క్వింటాలు పైన బరువు అలా గాలిలో ఊగుతుంటే నాకు ఊపిరాడలేదు.

మేస్త్రి: బోల్టు బయటికి తీశాక చూశావుగా. ఒక పక్క మెట్టు పడిపోయింది, గోరు పెడితే ఆగుతోంది. బుష్ ఒక పక్క రేకంత మందం మిగిలింది. కార్బన్ రింగు ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ అరిగింది.

నేను: కార్బన్ రింగు, క్లచ్ ప్లేటు, ఫోర్కు బోల్టు ఇంగ్లండ్ నుంచి తెప్పించాను. అప్పుడే ఆర్డర్లో బుష్ కూడా రాసి ఉంటే అయిపోయేది. అరంగుళం ముక్కే కదా, ఇక్కడే తిప్పించేద్దాం అని పెద్ద తెలివి చూపించాను.

మేస్త్రి: అందులో తప్పేం లేదు. గన్‌మెటల్, అదే ఒక రకం కంచు, ముక్క ఇస్తే మన లేత్ కుర్రాడు చక్కగా తిప్పాడు. వాడు ఒడియాలో మాట్లాడతాడు, నేను తెలుగులో మాట్లాడతాను, ముప్పై ఏళ్లుగా అలాగే నడిచిపోతోంది. పొరపాటు జరిగింది నా వల్ల. కొత్త బోల్టు చేతికిచ్చి, దీనికి సరిగ్గా సరిపోయేలా చెయ్యమన్నాను. చేశాడు. బుష్ చేతిలో ఉన్నప్పుడు బోల్టు వెన్నలా దూరింది. వైస్‌లో పెట్టి ఫోర్కులోకి ఎక్కించాక దూరడం మానేసింది.

నేను: ఎందుకలా అయింది?

మేస్త్రి: బుష్ బయటి కొలత ఫోర్కు కన్నం కన్నా రవ్వంత ఎక్కువ ఉంటుంది, లేకపోతే నిలవదు కదా. లోపలికి నొక్కితే అది నలిగి, దాని కన్నం చిన్నదైపోతుంది. అందుకని మొదట తక్కువ కన్నంతో తిప్పించి, ఎక్కించాక రీమర్, అంటే కన్నాన్ని సన్నగా గీసి పెంచే పనిముట్టు, వెయ్యాలి. నేను తొందరపడ్డాను. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే బోల్టు దూరింది, కానీ ఫోర్కు బిగుసుకుపోయింది. లేత్ కుర్రాడేమో, రన్నింగ్‌లో ఫ్రీ అయిపోతుందిలే అన్నాడు.

నేను: ఆ రాత్రి ఫోర్కు అలాగే ఎక్కించేద్దాం అని నేనూ అన్నాను. ఒప్పుకుంటున్నాను.

మేస్త్రి: నాకూ ఆశ పుట్టింది. వాన, మబ్బు, ఇంటి దగ్గర భోజనం చల్లారిపోతోంది. కానీ బిగుసుకున్న ఫోర్కు పెడల్ వదిలినా వెనక్కి రాదు. బుష్ అరగడం మాట అలా ఉంచు, కార్బన్ ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. మళ్లీ ఇంజన్ ఎత్తేదెవరు? పొద్దున్నే రీమర్ తెచ్చి, చేత్తో కొంచెం కొంచెం తిప్పుకుంటూ కన్నం పెంచాను. బోల్టు బిగించాక ఫోర్కుని అడ్డంగా పట్టుకుని వదిలితే దాని బరువుకే కిందికి పడాలి, పక్కకి ఆడిస్తే మాత్రం చప్పుడు రాకూడదు. అలా వచ్చేదాకా చేశాను. బోల్టుకి గ్రీజు పలచగా రాస్తే చాలు. కార్బన్‌కి మాత్రం గ్రీజు వేలు తగలనివ్వకూడదు, అది ప్లేటు మీదికి చిందితే క్లచ్ జారుతుంది.

నేను: అదే రోజు మీరు చేసిన ఇంకో పని నాకు భలే నచ్చింది. క్రాంక్ వెనక కొసలో గేర్‌బాక్స్ షాఫ్ట్ కూర్చునే చిన్న బుష్ ఉంటుంది, దాన్ని తీసిన పద్ధతి.

మేస్త్రి: అది పాత పద్ధతే. కన్నంలో గ్రీజు కుక్కి, సరిగ్గా పట్టే రాడ్డు పెట్టి సుత్తితో కొడితే గ్రీజు వెళ్లడానికి దారి లేక బుష్‌ని వెనక నుంచి తోసేస్తుంది. కొట్టే ముందు మొహం పక్కకి పెట్టుకోవాలి. నువ్వు పెట్టుకోలేదు.

నేను: చొక్కా ఇంకా అలాగే ఉంది. అమ్మకి చూపించలేదు. తర్వాత క్లచ్ ప్లేటుని మధ్యకి సర్దడానికి వడ్రంగి చేత టేకు కర్రతో ఒక డమ్మీ షాఫ్ట్ చేయించారు. అది తీసేశాక ఇంజన్ దించాం.

మేస్త్రి: దించేటప్పుడు ఇంజన్ బరువు గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద వేలాడనివ్వకూడదు. ప్లేటు వంగితే ఇంత చేసిందీ దండగ. ఇద్దరు పట్టుకోవాలి, ఒకడు జాకీ చూడాలి. సరే, వాన తగ్గింది. స్టార్ట్ చెయ్.

(ఇంజన్ స్టార్టవుతుంది.)

నేను: క్లచ్ తొక్కాను. ఒకటి... రెండు... మూడు... నాలుగు. రివర్స్ వేస్తున్నాను.

(చిన్న క్లిక్. గర్రుమనే చప్పుడు లేదు.)

నేను: పడింది బాబాయ్! మైకులో ఏమీ వినిపించలేదు చూశారా? వెనక్కి తీస్తున్నాను, జరగండి.

మేస్త్రి: తియ్, తియ్. ఇంకొంచెం. ఆగు. ఇప్పుడు న్యూట్రల్ చేసి పెడల్ వదులు.

నేను: వదిలాను.

మేస్త్రి: వదిలితే కాలు ఇంకా దాని మీదే ఎందుకుంది? కింద పెట్టు!